ఎరుకే అన్నది సుగ్రా బేగం

జనవరి 7, 2025. సాయంత్రం

టార్గెట్ నలభై. చేసింది నలభై రెండు. యాప్‌లో నా పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వచ్చింది. నా మొహం మాత్రం మాడిపోయింది. మరిపెడకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పల్లె దవాఖానకు నర్సును నేనే, రిజిస్టర్ రాసేది నేనే, పొద్దున తాళం తీసేది నేనే, మధ్యాహ్నం వరండాలో పడుకున్న కుక్కను తరిమేదీ నేనే.

ఇవాళ షుగర్ వాళ్ల పాదాలకు స్పర్శ ఉందో లేదో పరీక్ష. పిడికి బిగించిన నైలాన్ దారం ఒకటి ఇచ్చారు. పాదం మీద పది చోట్ల దాన్ని ఆనించి, వంగేదాకా నొక్కి, తెలుస్తోందా అని అడగాలి. తెలిస్తే టిక్. ఈ ఊళ్లో అంత నాజూకుగా అడిగితే పలికేవాళ్లు లేరు. ఎరుకేనా అనాలి. నేనూ మొగుళ్లపల్లి దాన్నే, ఆ మాట నాకు ఉగ్గుపాలతో వచ్చింది. ఎరుకేనా, ఎరుకే, టిక్. మనిషికి రెండు నిమిషాలు పట్టలేదు.

ముప్పై ఎనిమిదో మనిషి సుగ్రా బేగం. గాజులామె. యాభై తొమ్మిదేళ్లు, పద్నాలుగేళ్లుగా షుగర్ మాత్రలు. మరిపెడ అంగట్లో గోనెపట్టా పరిచి కూర్చుంటుంది, మిగతా రోజుల్లో మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరుగుతుంది. తాడుకు గుచ్చిన ఆ గాజుల కట్టను మంచం మీద పెట్టేటప్పుడు పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టింది. పది చోట్లా ఎరుకే అంది. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, కళ్లు చిట్లించి చూసి, రెండు-నాలుగు అంది. నా గాజు సైజు. మా చర్చివాళ్లు గాజులు వేసుకోరు, నా చేతికి పుట్టినప్పటి నుంచీ గాజు ఎక్కలేదు అన్నాను. చేతికి తెల్వకపోయినా గాజుకు తెలుస్తది అని నవ్వింది.

జనవరి 8

టేపు పెట్టి కొలిచాను. రెండు-నాలుగే. ఎలా చెప్పింది?

జనవరి 19, ఆదివారం

నా భర్త భాస్కర్ నిన్న గంగారం నుంచి వచ్చాడు. అక్కడ బడిలో సైన్స్ చెప్తాడు, వారానికోసారి ఇంటికొచ్చి నాకూ చెప్పబోతాడు. ఇవాళ నేనే చెప్పాను. కళ్లు మూసి ముక్కు ముట్టుకోమన్నాను. ముట్టుకున్నాడు. ఇందులో ఏముంది అన్నాడు. ఒళ్లు మండింది. చీకట్లో దోమ వాలితే నీ చెంపే కొట్టుకుంటావు, నా చెంప కొట్టవు, నీ చెయ్యెక్కడుందో చెంప ఎక్కడుందో ఎవరు చెప్పారు అన్నాను. కాసేపు ఆలోచించి టీ పెడతానని లేచాడు. ఓడినప్పుడల్లా టీ పెడతాడు.

జనగామలో నర్సింగ్ చదివేటప్పుడు ఇవన్నీ బట్టీ పట్టాను. మీస్నర్, మెర్కెల్, పసీనియన్, రుఫినీ. ఎవరి ఇంటిపేర్లో. ఐదు మార్కుల ప్రశ్న, నాలుగున్నర వచ్చాయి, మరిచిపోయాను. ఆ గాజులామె పుణ్యమా అని ఇవాళ పాత నోట్స్ దులిపాను.

ఇవి తాకిడిని పట్టే నరాల కొసలు. చర్మం కింద వీళ్లందరికీ తలా ఒక పని ఉంది. పట్టుకున్న వస్తువు జారబోతుంటే మొదట పసిగట్టేది మీస్నర్. అంచు ఎక్కడ, గీత ఎక్కడ అని చెప్పేది మెర్కెల్. చర్మం సాగితే రుఫినీకి తెలుస్తుంది. లోపల ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఉండే పసీనియన్‌కు సన్నటి వణుకు చాలు. ఒక్క అరచేతిలో ఇలాంటివి పదిహేడు వేలట! కండ లోపల ఇంకొన్ని ఉన్నాయి, కండ ఎంత సాగిందో నిమిషం మానకుండా పైకి చెప్తూ ఉంటాయి. అందుకే మోకాలు ఎక్కడుందో వెతుక్కోకుండా మెట్లెక్కుతున్నాం. ఇంత పని ఒంట్లో జరుగుతుంటే నేను ఐదు మార్కులకు రాసి పారేశాను. సిగ్గేసింది.

ఫిబ్రవరి 12. మధ్యాహ్నం

మనసు బాగోలేదు. రాస్తే తగ్గుతుందేమో.

చిలుకమ్మ వచ్చింది. మిర్చి తోటలో కూలి. కొంగు చుట్టిన కుడిచెయ్యి, కొంగంతా నెత్తురు. బొటనవేలి మొదట్లో గాజుముక్క దిగింది. ఆ చేతులతో వారం రోజులుగా మిర్చి ఏరుతోంది, గాయం మీద నీళ్లు పోస్తే దవాఖాన పైకప్పు లేచిపోయేలా అరిచింది. మూడు కుట్లు వేశాను. ముక్క చిన్నదే గాని లోతుకు పోయింది.

అంగట్లో సుగ్రా బేగం దగ్గర గాజులు వేయించుకుందట. ఐదో గాజు దగ్గర చిట్లింది. చిట్లినా ఆమె ఆపలేదు. అవతలివాళ్లతో మిర్చి ధర గురించి మాట్లాడుతూ ఇంకా తోస్తూనే ఉందట. ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గరే వేసుకుంటున్నా, ఏనాడూ గీత పడలేదు, ఇప్పుడు ఏం పుట్టింది ఆ ముసలిదానికి అని తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. చివరకు ఒక మాట అంది.

"నెత్తురు కనవడేదాక ఆమెకు ఎరుక లేదు సిస్టరమ్మా."

కట్టు కడుతున్న నా చెయ్యి ఆగింది. పాత షీటు తీసి చూశాను. సుగ్రా బేగం, పదికి పది. నా చేత్తో నేనే పెట్టిన టిక్కులు. అంగట్లో ఉన్న ఆడవాళ్లంతా చేతులు వెనక్కి తీసుకుని లేచిపోయారని చిలుకమ్మ వెళ్తూ వెళ్తూ చెప్పింది.

ఫిబ్రవరి 13. ఉదయం 11

సుగ్రా బేగం ఇంటికి వెళ్లాను. మలారం గోడ మేకుకు వేలాడుతోంది. ఆమె మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. నన్ను చూసి లేచి కూర్చుంది. మెడలో కొత్త తాయెత్తు.

మాట్లాడింది కోడలు మహీన్. ఇరవై ఆరేళ్ల పిల్ల, జాకెట్లు కుడుతుంది. నన్ను వాకిట్లోకి తీసుకెళ్లి చెప్పింది. అత్తను అమ్మీ అనే పిలుస్తుంది. రెండు నెలలుగా అమ్మీ పడిపోతోందట. ఎక్కడ పడితే అక్కడ కాదు. నమాజుకు ముందు వజూ చేసేటప్పుడు, కుళాయి దగ్గర మాత్రమే. బజారులో పడదు, వంటింట్లో పడదు. దేవుడి నీళ్లు ముట్టుకుంటే పడుతోంది. వాడకట్టులో గుసగుసలు మొదలయ్యాయి. ఏదో గాలి పట్టింది, అది నమాజును ఓర్చుకోవడం లేదు అంటున్నారు. అందుకే దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించిందట. మహీన్ నమ్మి చెప్పిందో భయపడి చెప్పిందో నాకు అర్థం కాలేదు. కళ్లు మాత్రం ఎర్రబడి ఉన్నాయి. ఐదు పూటలు తప్పని మనిషిని పట్టుకుని ఇట్లంటుంటే ఆమె అన్నం మానేసింది సిస్టర్ అంది.

గాలీ లేదు ధూళీ లేదు అని విసుక్కున్నాను. అలా అనకుండా ఉండాల్సింది. మరి ఎందుకు పడుతోంది అని అడిగింది. దవాఖానలో పనుందని చెప్పి వచ్చేశాను.

అదే రోజు. మధ్యాహ్నం 3

దొరికింది! దొరికిందనే అనుకుంటున్నాను.

అన్నం తింటూ ఉండగా తోచింది, వజూ ఎలా చేస్తారో నాకు తెలియదు. ఎన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను, పక్కింటి మనిషి మొహం ఎలా కడుక్కుంటుందో తెలియదు. మళ్లీ వెళ్లి మహీన్‌ను చేసి చూపించమన్నాను. వింతగా చూసింది గాని చూపించింది. ముందు చేతులు. తర్వాత నోరు. తర్వాత ముక్కు. తర్వాత మొహం. ఆపైన మోచేతులు, తల, చివరికి పాదాలు.

అమ్మీ ఏ పని దగ్గర పడుతుంది అని అడిగాను. మొహం దగ్గర అంది. ప్రతిసారీ మొహం దగ్గరే.

మొహం మీద నీళ్లు కొట్టుకునేటప్పుడు కళ్లు మూస్తారు.

జనగామ క్లాసులో మేడమ్ చెప్పిన మాట చెవిలో వినిపించింది. కాళ్ల నుంచి కబురు రాని మనిషి కళ్లతో నిలబడుతుంది, కళ్లు మూస్తే పడుతుంది. వంటింట్లో పడదు, అక్కడ కళ్లు తెరిచే ఉంటాయి. నీళ్లలో ఏమీ లేదు, దేవుడికి కోపమూ లేదు. చేతులకు గాజు చిట్లిన సంగతి ఎందుకు తెలియలేదో కూడా అప్పుడే అర్థమైంది. కాళ్ల జబ్బు చేతులకూ వచ్చింది.

ఇంకొకటి. అమ్మీ ఇదివరకు సైజు చెప్పడానికి చెయ్యి చూసేదే కాదట, ఎటో చూస్తూ పట్టుకుని చెప్పేసేదట. ఈ మధ్యే చూస్తోందని మహీన్ అంది. నా చెయ్యి కూడా కళ్లు చిట్లించి చూసే చెప్పింది. నేను మెచ్చుకున్నది ఆమె వేళ్లను అనుకున్నాను. కాదు, అప్పటికే వేళ్ల పని కళ్లు చేస్తున్నాయి.

ఫిబ్రవరి 15

పరీక్ష మళ్లీ చేశాను. ఈసారి కళ్లకు గుడ్డ కట్టి. పదిసార్లు అడిగాను, ఎరుకేనా? పదిసార్లూ ఎరుకే అంది. అందులో నాలుగుసార్లు నేను దారం ఆనించనే లేదు.

కాలి బొటనవేలు పట్టి పైకి వంచాను. పైకా కిందికా అంటే కిందికి అంది. కిందికి వంచితే ఊరుకుంది. ట్యూనింగ్ ఫోర్క్ కొట్టి చీలమండ మీద పెడితే, మోగుతోందా అని నన్నే అడిగింది. నిలబెట్టి, వెనక నేనూ ముందు మహీన్ కాపలా ఉండి, కళ్లు మూయమన్నాం. మూడు లెక్కపెట్టేలోగా నా మీదకు వాలిపోయింది. నిండు మనిషి, బరువంతా నా చేతుల్లోకి వచ్చింది. ఆ బరువు నా కండలకు తెలిసింది, ఆమెకు తెలియలేదు.

నా తప్పు చెప్పేశాను. జనవరిలో కళ్లు తెరిచి ఉండగానే చేశానని, తొందరపడ్డానని, అసలు అడగాల్సిన మాట అది కాదని. ఎరుకేనా అంటే నీకు తెలుసా అని కదా. ముట్టుకున్నది ఒంటికి అందుతోందా అని అడగాలి. ఆమెను నేను తెలుసా అని అడిగాను, మర్యాదస్తురాలు, తెలుసు అంది. నేను సరిగ్గా చేసి ఉంటే చిలుకమ్మ చెయ్యి తెగేది కాదు, ఈమె పేరు పోయేది కాదు అన్నాను. ఏడుపు ఆగలేదు. నర్సు ఏడవకూడదంటారు, అన్నవాళ్లు వచ్చి ఇక్కడ ఉండమనండి.

సుగ్రా బేగం గుడ్డ విప్పుకుని నన్ను చూసింది.

"నువ్వు అడుగుతానవ్, నేను హాజరు పలికినట్టు పలుకుతాన. తెల్వనిది తెల్వలేదని నాకెట్ల తెలుస్తది బిడ్డా?"

తర్వాత తాయెత్తు పట్టుకుని, మరి నాకు గాలి పట్టలేదా అని మెల్లగా అడిగింది. లేదమ్మా, కళ్లు మూసినందుకు పడ్డావు అన్నాను. కోడలి వైపు చూసి, ఇన్నావా అంది. ఆ ఒక్క మాటలో రెండు నెలల అవమానం ఉంది. మహీన్ వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది.

ఫిబ్రవరి 18

మహబూబాబాద్ పెద్ద దవాఖానకు నేనే తీసుకెళ్లాను. సెలవు పెట్టి. డాక్టరమ్మ నేను రాసిన కాగితం చదివి, మొహం కడుక్కునేటప్పుడు పడటం అనే లైన్ దగ్గర ఆగి, మళ్లీ చదివింది. నెత్తురు తీయించింది.

ఫిజియో లింగ్యా అన్నను కలిశాం. తండాలో పుట్టి, తండా వాళ్లందరి నడుములూ సరిచేస్తున్న మనిషి. సుగ్రా బేగం వేళ్లను ఒక్కొక్కటే పట్టి చూసి, ఈ చేతులు ఎన్ని చేతులకు గాజులు వేసి ఉంటాయి అమ్మా అన్నాడు. మరిపెడ చుట్టూ ఉన్న ఆడవాళ్లలో నా చెయ్యి పడని చెయ్యి లేదు అంది. అన్నాక తలదించుకుంది. ఇక ఎవరూ చెయ్యి ఇవ్వరు సారూ అంది.

ఫిబ్రవరి 21

బి ట్వెల్వ్ తొంభై రెండు! కనీసం రెండు వందలైనా ఉండాలి.

పద్నాలుగేళ్లు మింగిన షుగర్ మాత్ర ఒంట్లో బి ట్వెల్వ్‌ను తగ్గించేస్తుందట, కొందరికి. పైగా పళ్లు ఊడాక మాంసం మానేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. మాత్ర మానొద్దు, ఇంజెక్షన్ మొదలుపెట్టండి అన్నారు డాక్టరమ్మ. మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికోసారి. నరం మీది పూత మళ్లీ అల్లుకోవాలి. ఎంత తిరిగి వస్తుందో చెప్పలేం, ఆలస్యమైంది అన్నారు.

ఆలస్యమైంది. ఆరు వారాల ఆలస్యం నాది.

మార్చి 9

రంజాన్. షుగర్ ఉంది, ఉపవాసం వద్దని డాక్టరమ్మ చెప్పింది, నేను చెప్పాను, మహీన్ చెప్పింది. ముగ్గురం కలిసి చెప్తే వారానికి రెండు రోజులే ఉపవాసం ఉండటానికి ఒప్పుకుంది. ఇంజెక్షన్‌తో రోజా ఉపవాసం విరగదని మసీదులో పెద్దాయన అన్నాడట. అయినా ఆ రోజుల్లో ఖర్జూరం తిన్నాకే పొడవాలి అని పంతం. అందుకని నా డ్యూటీ అయిపోయాక సాయంత్రం సూదీ దూదీ పట్టుకుని వాళ్లింటికి వెళ్లడం. సణుక్కుంటూనే వెళ్తాను. రెండు ఖర్జూరాలు నాకూ పెడుతుంది, సణుగుడు ఆగుతుంది.

వజూకు లింగ్యా అన్న ప్లాస్టిక్ స్టూల్ చెప్పాడు. ఆమె ఇంకో ఉపాయం కనిపెట్టింది. ఒక కన్ను తెరిచి సగం మొహం కడుగుతుంది, తర్వాత ఆ కన్ను మూసి ఇంకో సగం. చూపించింది. నవ్వాపుకోలేకపోయాను. రెండు కళ్లు ఒక్కసారే మూయాలని అల్లా యాడ చెప్పిండు అంది.

మార్చి 26

పదిహేనో సూది. ఏ మార్పూ లేదు.

ఏప్రిల్ 12

సుగ్రా బేగం గట్టిది. నేను అనుకున్నదానికంటే చాలా గట్టిది.

లింగ్యా అన్న ఒక సంచి ఇచ్చాడు. అందులో చింతగింజ, బొత్తాం, మిర్చి తొడిమ, రూపాయి బిళ్ల, దారపు ఉండ. చూడకుండా చెయ్యిపెట్టి ఏదేమిటో చెప్పాలి. రోజూ అరగంట. ఇవాళ వెళ్లేసరికి సంచి పక్కన పెట్టి మలారం దించుకుని కూర్చుంది. ఒక్కో గాజునూ పెదవి మీద తిప్పుతోంది. పిచ్చి పట్టిందా అనుకున్నాను.

గాజుకు ఒకచోట అతుకు ఉంటుంది. అక్కడ గరుకుంటే చెయ్యి గీసుకుంటుంది. ఆ గరుకు వేలికి తెలియాలి, వేలికి తెలియడం లేదు, పెదవికి తెలుస్తోంది. అందుకని వేళ్ల పని పెదవికి అప్పజెప్పింది. ఎవరూ చెప్పలేదు. తనకు తోచింది. జబ్బు కాళ్ల నుంచి, వేళ్ల నుంచి మొదలవుతుంది, మొహం దాకా రాదు, ఇది పుస్తకంలో ఉంది. ఆమె పుస్తకం చదవలేదు.

పెదవి మీద తిప్పి, వెంటనే అదే గాజును వేలి మీద తిప్పుతుంది. పెదవి చెప్పింది వేలు నేర్చుకోవాలట. పెద్దపిల్ల పక్కన చిన్నపిల్లను కూర్చోబెట్టి చదివించినట్టు. నేను ఆమె ఎదురుగా కింద కూర్చుండిపోయాను. గంటన్నర. రిజిస్టర్ ఇవాళ ఖాళీ.

గరుకున్నవి తీసి పక్కన పడేస్తోంది. అవి చాలానే ఉన్నాయి. నష్టం కాదా అమ్మా అంటే, గాజుల బేరం భోజనానికి సరి అని సామెత చెప్పి, చెయ్యి తెగితే అది కూడా ఉండదు అంది.

మే 4. మొగుళ్లపల్లి

అమ్మ దగ్గరకు వచ్చాను. అమ్మ చాటలో బియ్యం పోసుకుని, చూపు వాకిట్లో పెట్టి, చర్చి సంగతులు చెప్తూ రాళ్లు ఏరుతోంది. ఒక్కసారి కూడా చాటలోకి చూడలేదు. రాయి తగలగానే వేలు ఆగుతుంది, తీస్తుంది, మాట ఆగదు. ముప్పై ఒక్క ఏళ్లుగా చూస్తున్నాను, ఇవాళే చూశాను. అమ్మ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. ఏమైంది, భాస్కర్‌తో కొట్లాడి వచ్చినవా అంది.

జూన్ 8

ఉదయాన్నే మహీన్ పరుగున వచ్చింది. అమ్మీకి కాళ్లూ చేతులూ మంటలట, చీమలు పాకుతున్నాయట, ఇంజెక్షన్ వికటించిందేమో అని. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. నరం మేలుకునేటప్పుడు కొందరికి అలా ఉంటుంది, మంచిదే కావచ్చు, వేచి చూడండి అంది.

కావచ్చు! డాక్టర్లకు ఈ మాట ఎంత తేలికో.

సాయంత్రం వెళ్లాను. సుగ్రా బేగం గడప మీద కూర్చుని ఉంది. పొద్దున వాకిట్లో నడుస్తుంటే కాలి కింద ఏదో ఉందనిపించిందట. కాలెత్తి చూసుకుంటే ఇసుక రవ్వ. ఒక్కటే రవ్వ. దాన్ని పారేయలేదు, కాగితంలో చుట్టి దాచింది. నాకు విప్పి చూపించింది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. మంట ఉందా అంటే ఉంది అంది. ఉండనీ, దానికి ఎరుక వస్తాంది అంది.

జూలై 2

మరిపెడ అంగట్లో మళ్లీ గోనెపట్టా పరిచింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. ఇద్దరు ఆగి, గాజులు చూసి, తామే వేసుకుంటామని కొనుక్కుపోయారు. నేను వెళ్లి చెయ్యి చాపాను. వద్దంది. నువ్వు జాలితో ఇస్తానవ్ అంది. కోపం వచ్చింది. ఇంటికొచ్చి కూడా తగ్గలేదు. నిజమే చెప్పింది కాబట్టి.

జూలై 9

వివరంగా రాయాలి. ఒక్కటి కూడా మరిచిపోకూడదు.

అంగట్లో నేను టమాటాలు బేరం చేస్తున్నాను. సుగ్రా బేగం పట్టా ముందు ఎవరూ లేరు. చిలుకమ్మ వచ్చింది. వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. అంగట్లో అందరూ చూస్తున్నారు, కొట్లాటే అనుకున్నాను, టమాటాలు వదిలేసి పరుగెత్తాను.

చిలుకమ్మ కుడిచెయ్యి చాపింది. అదే చెయ్యి. బొటనవేలి మొదట్లో నా మూడు కుట్ల మచ్చ. వేరే ఊరి గాజులాయన దగ్గర రెండుసార్లు వేయించుకున్నానని, చెయ్యి పిసికి పిసికి చంపాడని, నీ చెయ్యి పడ్డ చేతికి ఇంకో చెయ్యి ఒప్పడం లేదని నిష్ఠూరంగా చెప్పింది. అడిగింది కాదు, తిట్టినట్టే చెప్పింది.

సుగ్రా బేగం ఆ చెయ్యి వెంటనే పట్టుకోలేదు. తన చేతులు పైటకు తుడుచుకుంది. తర్వాత పట్టుకుంది. చూడలేదు. ఎటో చూసింది. బొటనవేలిని అరచేతిలోకి మడిచింది, చిటికెనవేలి కింది ఎముకను నొక్కింది, మచ్చ మీద వేలు ఆనించి కాసేపు అలాగే ఉంచింది. రెండు-ఆరు అంది. బక్కపడ్డవ్, ముందు రెండు-ఎనిమిది ఉంటుండె అంది.

ఆకుపచ్చ గాజులు. ఒకటి, రెండు, మూడు. వేలి చర్మం జరుగుతోంది, రుఫినీ. అంచు తగులుతోంది, మెర్కెల్. జారుతోంది, మీస్నర్. నోట్సు గుర్తు చేసుకుంటున్నాను, ఎగ్జామ్ హాల్లో కూర్చున్నట్టు. నాలుగు, ఐదు. చిట్లింది ఐదోదే కదా. దాటింది. పదకొండో గాజు దగ్గర టక్కున ఆగింది. చిలుకమ్మ ఏమీ అనలేదు, మొహం కూడా కదలలేదు. సుగ్రా బేగం మాత్రం గాజును వెనక్కి తీసి, పెదవి మీద తిప్పి, పక్కన పెట్టింది.

"గాజు లోపల వణుకున్నది. నీ చెయ్యి కంటే ముందు నా వేలికి తెలిసింది."

తీసిన గాజును నేను వెలుగులో పట్టి చూశాను. కంటికి కనబడీ కనబడనంత సన్నటి చీలిక. పసీనియన్. ఆ ఉల్లిగడ్డ పొరలు మేలుకున్నాయి. చిలుకమ్మ ఇంకో గాజు తొడగమని విసుక్కుంది. రెండు చేతులూ నిండాక లేచి, చేతులు ఊపి చప్పుడు చేసుకుంటూ అంగడంతా తిరిగింది. కావాలనే తిరిగింది. ఆమె తిరిగి వచ్చేసరికి పట్టా ముందు ముగ్గురు కూర్చుని ఉన్నారు.

నా టమాటాలు ఎవరో ఎత్తుకుపోయారు.

జూలై 10

భాస్కర్‌కు ఫోన్‌లో అంతా చెప్పాను. అవతల గిన్నె చప్పుడు వినిపించింది. టీ పెట్టుకుంటున్నాడేమో.

జూలై 27

నెమ్మది నెమ్మదిగా. వేళ్లు చాలావరకు వచ్చాయి. కాళ్లు ఇంకా మొండికేస్తున్నాయి. గోడకు చెయ్యి ఆనించి నమాజు చదువుతుంది. కుర్చీలో కూర్చుని చదవొచ్చని పెద్దాయన చెప్పాడు. అది తెలుసు, అయినా నిలబడే చదువుతా అంది. కాళ్లు అంతవరకు వస్తాయో లేదో డాక్టరమ్మ చెప్పలేనంది. నేనూ చెప్పలేదు. ఆశ పెట్టడం నా పని కాదు. కానీ రోజూ ప్రార్థనలో పేరు చెప్తున్నాను.

మిగతా నలభై ఒక్క మందికీ పరీక్ష మళ్లీ చేశాను. కళ్లు మూయించి, మధ్యమధ్య ఆనించకుండా. ఇంకో నలుగురు దొరికారు. యాప్‌లో దీనికి గడి లేదు.

ఆగస్టు 14. ఉదయం 5.40

మహీన్ ఫోన్. ఈ వేళ ఫోన్ అనగానే భయపడి ఎత్తాను. కరెంటు పోయిందట. చీకట్లో అమ్మీ వజూ చేసుకుని, చీకట్లోనే నిలబడి తెల్లవారుజాము నమాజు ఫజర్ చదివిందట. గోడ ముట్టలేదు. వజూ దగ్గరికి టార్చి తీసుకుని పరుగెత్తితే, లైటు వెయ్యొద్దని చెయ్యి ఊపిందట.

ఫోన్ పెట్టేసి వరండాలో చెప్పులు విప్పి నిలబడ్డాను. కళ్లు మూసుకున్నాను. ఒళ్లు కొద్దిగా ముందుకు ఒరిగింది, వేళ్లు పట్టుకున్నాయి. వెనక్కి ఒరిగింది, మడమలు పట్టుకున్నాయి. మళ్లీ ముందుకు. నేను ఏమీ చెయ్యడం లేదు.

పడలేదు. ఆమె పడలేదు.